గృహాలంకరణలో జపాను నాటకచిత్రములు

ఇంటి గోడకు మంచి చిత్రపటము కావలెనని తలచువారిని ఒక సందేహము తరచుగా వెనుకకు లాగుచుండును. ప్రసిద్ధుల అసలు చిత్రములు మనకు లభింపవు. నకలు వ్రేలాడదీయుట శోభ యగునా? తైలవర్ణ చిత్రముల విషయమున ఈ సందేహమునకు కొంత ఆధారము కలదు. చిత్రకారుడు ఒకేయొక గుడ్డమీద, ఒకేయొకసారి, తన చేతితో వేసినదానికి నకలు ఎంత చక్కనిదైనను నకలే. కాని లోకములో మరియొక జాతి చిత్రము లున్నవి. అవి పుట్టినదే వందలకొలది, వేలకొలది ప్రతులుగా. పుట్టినది సామాన్యుని ఇంటికొరకు. జపాను దేశమున కబుకి నాటకములలోని నటుల రూపములను కొయ్య అచ్చులతో ముద్రించిన చిత్రములు అట్టివి. వాని నకళ్లను మన ఇంట నుంచుకొనుట ఎట్లు, ఏవి ఎంచుకొనవలెను, ఎట్లు కాపాడుకొనవలెను అను విషయములను ఈ ప్రసంగమున మనవి చేయదలచినాము.

ముందుగా ఈ చిత్రములకు మూలమైన నాటకమును గూర్చి నాలుగు మాటలు. 1603 ప్రాంతమున క్యోటో నగరములో ఒకుని అను నర్తకి తన బృందముతో ప్రదర్శించిన ఆటపాటలు కబుకికి ఆది అని చెప్పుదురు. 1629లో స్త్రీలు రంగమెక్కరాదని ప్రభుత్వము శాసించెను. పిమ్మట చిన్నవయస్సు కుర్రవారు ఆ వేషములు ధరించిరి. 1652లో వారిని కూడ నిషేధించిరి. అప్పటినుండి స్త్రీపాత్రలను సైతము వయస్సు వచ్చిన పురుషులే ధరించుట ఆచారమై, ఒన్నగాత అను పేరుతో అది గొప్ప నటవిద్యగా వృద్ధిపొందెను. స్థానం నరసింహారావుగారి స్త్రీపాత్రలను, వేదాంతం సత్యనారాయణశర్మగారి సత్యభామను నేటికిని తలచుకొను తెలుగువారికి ఇది వింతగా తోపదు.

ఎదో నగరములో, అనగా నేటి టోక్యోలో, నటులకు గల ఆదరణ ఇంతంత కాదు. చట్టము దృష్టిలో వారిది తక్కువ హోదా. జనుల దృష్టిలో వారే దొరలు. వారు ధరించిన రంగునకు, కట్టిన కట్టుకు నగరమంతయు అనుకరణ సాగుచుండెడిది. క్రొత్త నాటకము రంగమునకు వచ్చినదన్న వెంటనే ప్రచురణకర్తలు ఆ పాత్రలలోని నటుల చిత్రములను ముద్రించి అంగళ్లలో వ్రేలాడదీయుచుండిరి. ఒక చిత్రము వెల సుమారుగా ఒకటి రెండు గిన్నెల సేమ్యా భోజనపు వెల. కూలివాడును, అంగడి గుమాస్తాయును, ఇంటి యిల్లాలును కొనగలిగిన వస్తువది. కొని వారు పుస్తకములుగా కూర్చుకొనిరి, అడ్డుతెరలమీద అతికించుకొనిరి, గోడలకు అంటించుకొనిరి. సినిమా తారల బొమ్మలకు మన ఇండ్లలో కలిగిన స్థానమును తలచుకొన్నచో వాని స్థానము సులభముగా బోధపడును.

తొలినాళ్లలో ఇవి నల్లసిరాతో ముద్రించి చేతితో రంగులు పూసినవి. నాటకశాలలకు పెద్ద పెద్ద ప్రకటన చిత్రములు వేయు తోరీ వంశీయులు, వారిలో ముఖ్యముగా కియోనోబు, ఈ రీతికి ఆద్యులు. 1765లో సుజుకి హరునోబు చిత్రములతో పలురంగుల ముద్రణ వ్యాప్తికి వచ్చెను. జరీ వస్త్రమువలె మెరయుచున్నవని జనులు వానిని జరీ చిత్రములనిరి. అటుపిమ్మట కత్సుకవ షున్‌షో అను చిత్రకారుడు ఒక ముఖ్యమైన మార్పు తెచ్చెను. అంతవరకు వేషమునుబట్టియు, దుస్తులమీది గుర్తునుబట్టియు మాత్రమే నటుడెవడో తెలియుచుండెను. ముఖములన్నియు ఒకే మూస. షున్‌షో ఆయా నటుని ముఖమును ఆ నటుని ముఖముగనే చిత్రించెను. తరువాత ప్రపంచప్రసిద్ధుడైన హొకుసాయి మొదట ఈయన శిష్యుడే.

ఈ చిత్రము ఒకని చేతిపని కాదు; నలుగురి కూటమి. ప్రచురణకర్త పెట్టుబడి పెట్టి విషయము నిర్ణయించును. చిత్రకారుడు పలుచని కాగితముమీద గీతలు గీయును. చెక్కువాడు ఆ కాగితమును చెర్రీ కొయ్య పలకమీద బోర్లించి అతికించి, గీతలు మాత్రము నిలుచునట్లు మిగిలినదంతయు చెక్కివేయును. అనగా చిత్రకారుని చేతిగీత చెక్కునప్పుడే నశించును. అసలు అనునది ముద్రణలో తప్ప మరెచ్చటను ఉండదు. ఒక్కొక్క రంగునకు సాధారణముగా ఒక్కొక్క అచ్చు. మచిలీపట్నము, పెడన ప్రాంతములలో కలంకారీ అద్దకమును చూచినవారికి ఈ పద్ధతి పరిచితమే. కాని ఒక భేదము కలదు. మన అద్దకములో గుడ్డ క్రింద నుండును, అచ్చును పైనుండి అద్దుదురు. అచ్చట అచ్చు వెల్లకిల నుండును; రంగు పూసి, మల్బరీ జాతి చెట్టు పట్టతో చేసిన కాగితమును దానిపై పరచి, వెదురు పొట్టు చుట్టిన చదునైన గుండ్రని సాధనముతో వీపుమీద రుద్దుదురు. ప్రతి అచ్చుమీదను చెక్కిన రెండు చిన్న గుర్తులకు కాగితపు అంచులను ఆనించుటవలన రంగులు వెండ్రుకవాసి తప్పక ఒకదానిపై నొకటి కూర్చొనును.

ఇంత చౌకగా, ఇంత విరివిగా దొరకు వినోదమును ఏలికలు అనుమానముతోనే చూచిరి. 1842లో విలాసములను అణచివేయు సంస్కరణలలో భాగముగా నటుల చిత్రములను నిషేధించిరి. ఆ యేడే ఏడవ ఇచికవ దంజూరో అను మహానటుని ఆడంబరపు నేరముమీద ఎదో నుండి వెడలగొట్టిరి. అయినను జనుల కోరిక చావలేదు. 1848 ప్రాంతమున ఉతగవ కునియోషి అను చిత్రకారుడు ఒక తమాషా చేసెను. కొట్టుగది తెల్లగోడమీద పోకిరి పిల్లలు మేకుతో గీకిన పిచ్చిగీతలవలె కొన్ని ముఖములు గీసి, నడుమ ఆడుచున్న ఒక పిల్లిని పెట్టి అచ్చు వేయించెను. చూచువారికి అవి గోడమీది గీతలు. తెలిసినవారికి ఒక్కొక్క గీత ఒక్కొక్క నటుడు. నేడు మనము గోడకు అలంకారముగా తలచు వస్తువును ఉంచుకొనుటకై ఒక నగరపు ప్రజలు పడిన తాపత్రయము ఇట్టిది.

ఇక అసలు ప్రతులు దొరికినను వానిని గోడకు తగిలింపవచ్చునా? తగిలింపరాదు. ఆ కాలపు రంగులలో అనేకము చెట్టుచేమలనుండి తీసినవి. ఒక చిన్న నీలిపువ్వునుండి తీసిన నీలము, కుసుమపూలనుండి తీసిన ఎరుపు వెలుతురుకు తాళలేవు. నీలము వెలిసి పేలవమగును; ఎరుపు పాలిపోవును; ఒకసారి పోయిన రంగును మరల తెచ్చు ఉపాయము లేదు. అందుచేతనే ప్రదర్శనశాలలు ఈ చిత్రములను మందమైన వెలుతురులో, కొద్దికాలము మాత్రము చూపి, పిమ్మట సుదీర్ఘకాలము చీకటి పెట్టెలలో విశ్రాంతి యిచ్చుచున్నవి. పగలు వెలుతురులో, నలుగురు మెలగు చోట ఉండుటకు పుట్టిన చిత్రము చీకటిలో బ్రతుకవలసివచ్చినది. దాని మొదటి ఉద్యోగమును నేడు నకలు మాత్రమే నిర్వహింపగలదు. కనుక నకలును ఇంట నుంచుకొనుటలో చిన్నతనము లేదని మా అభిప్రాయము. అది ఆ చిత్రమునకు మరల ఇల్లు చూపుట.

అయితే నకళ్లలో తారతమ్యములున్నవి. ఉత్తమమైనది పాతచిత్రమును ఆధారముగా చేసికొని మరల కొయ్య చెక్కించి, చేతితో ముద్రించినది. టోక్యోలో 1928లో స్థాపింపబడిన అదాచి సంస్థ ఈ పనికి పేరుపొందినది. ఇట్టివాని వెల హెచ్చు. కాని చేతికి కాగితపు మెత్తదనము, వీపునకు దిగిన రంగు, ఒత్తిడివలన ఏర్పడిన చిన్న పల్లములు అన్నియు దక్కును. రెండవది ఛాయాచిత్రమునుండి యంత్రముమీద అచ్చు వేసినది; పుస్తకములలో, క్యాలెండర్లలో చూచునది ఇదియే. మూడవది నేటి కాలపు వరము. న్యూయార్కులోని మెట్రోపాలిటన్ ప్రదర్శనశాల 2017లోను, చికాగో కళాసంస్థ 2018లోను తమ వద్దనున్న, హక్కుల బంధము లేని వేలకొలది కళాఖండముల ఛాయాచిత్రములను ఎవరైనను ఉచితముగా తీసికొనుటకు అనుమతించినవి. వానిలో నాటకచిత్రములు విస్తారముగా కలవు. మంచి ఛాయాచిత్రమును తీసికొని, మెరుపులేని దళసరి కాగితముమీద, పట్టణములోని మంచి ముద్రణాలయములో అచ్చు వేయించుకొన్నచో అల్పవ్యయముతో గౌరవమైన పటము సిద్ధమగును.

కొనునప్పుడు మోసపోకుండుటకు భూతద్దము ఒకటి చాలును. గీతలలో, రంగులలో చిన్న చిన్న చుక్కల వరుసలు కన్పించినచో అది యంత్రముద్రణ. కొయ్యముద్రణలో చుక్కలుండవు, రంగు కాగితపు పీచులలోనికి ఇంకియుండును. చేతిముద్రణ యైనంత మాత్రమున అది పాతదని కూడ తలపరాదు. గత నూరేండ్లకు పైగా చక్కని చేతినకళ్లు తయారగుచున్నవి. నకలును నకలు వెలకు కొనుట తెలివి. అసలు వెలకు కొనుట నష్టము.

ఎన్ని యున్నను దేనిని ఎంచుకొనవలెను అను ప్రశ్న మిగిలియే యున్నది. ఒక్కటే కొనదలచినవారికి షరాకు చిత్రమును సూచింతుము. 1794 వేసవిలో ఈ పేరుతో ఒక చిత్రకారుడు హఠాత్తుగా వెలుగులోనికి వచ్చెను. త్సుతయ జూజబురో అను ప్రచురణకర్త ఆతని పెద్ద ముఖచిత్రములను ఇరువదియెనిమిదింటిని ఒక్కసారిగా వెలువరించెను. పది నెలలలో నూటనలుబదికి పైగా చిత్రములు వచ్చిన పిమ్మట ఆ పేరు మరల వినరాలేదు. ఆతడు అవా ప్రభువు కొలువులోని నో నాటక నటుడు సాయితో జూరోబెయి అని పెక్కురు పండితులు నమ్ముచున్నారు. నటులను మరీ ఉన్నదున్నట్లు గీయుటచేత జనాదరణ నిలువలేదని పాతకాలపు వ్రాత యొకటి చెప్పుచున్నది. స్త్రీవేషము ధరించిన నడివయస్కుని దవడ ఎముకను సైతము ఆతడు దాచలేదు. ఏ గుణము ఆనాడు ఆతని నిలువనీయలేదో ఆ గుణమే నేడు ఆతని నిలిపినది.

షరాకు చిత్రములలో మిక్కిలి ప్రసిద్ధమైనది మూడవ ఒతాని ఒనిజి ఎదోబెయి అను దుష్టభృత్యుని పాత్రలో ఉన్నది. డబ్బు దోచుకొనుటకు వచ్చినవాడు. మెడ ముందుకు సాచి, పెదవులు బిగించి, రెండు చేతుల వ్రేళ్లు విప్పి మీదికి దుముకబోవు క్షణమది. డబ్బు కాపాడు ఇప్పెయి పాత్రలో ఇచికవ ఒమెజో కత్తి దూయుచున్న చిత్రము దీనికి జోడు. రెంటిని ఒకదానినొకటి చూచుకొనునట్లు ఒకే గోడమీద తగిలించినచో నడుమనున్న ఖాళీయే రంగస్థలమగును. ఈ చిత్రముల వెనుకతలము నల్లని అభ్రకపు పొడితో, మన కాకిబంగారముతో, మెరయునట్లు చేసినది. ఛాయాచిత్రపు నకలులో ఆ మెరుపు రాదు; కేవలము బూడిదవన్నె కన్పించును. చేతినకలుకు ఎక్కువ వెల యిచ్చుటకు ఇది మంచి కారణము.

రంగుల వైభవము కోరువారు తోయొకునిని, ఆయన శిష్యుడు కునిసదను, వారి తరువాతి కునిచికను చూడవలెను. వీరి చిత్రములలో పెక్కు మూడు కాగితములు పక్కపక్కన చేర్చి ఒకే రంగమును చూపునవి. సోఫా పైని వెడల్పుగోడకు తగినవి. ప్రశాంతతను కోరువారికి ఇరువదవ శతాబ్దపు నతోరి షున్‌సెన్ చిత్రములు నచ్చును; వెనుకతలము ఖాళీగా, ముఖము ప్రధానముగా నుండును. ఇటీవలి వాడగుటచే ఆయన చిత్రములకు హక్కుల విషయము విచారించి కొనుట మేలు.

చిత్రమును చదువుటకు కొన్ని గుర్తులు తెలియవలెను. ముఖముపై ఎర్రని చారలు వీరమునకు, న్యాయమునకు గుర్తు, నీలిచారలు దుష్టత్వమునకు. కన్ను మెల్ల పెట్టి, అవయవములు బిగించి నిలిచినచో అది మియె అను భంగిమ. నాటకములో ఉద్రేకము పరాకాష్ఠ నందినపుడు నటుడు శిలవలె నిలిచిపోవును. కొయ్యచెక్కల చప్పుడు మ్రోగును. ప్రేక్షకులు ఆతని వంశనామము పిలిచి కేకలు వేయుదురు. ఒకదానిలో నొకటి ఇమిడిన మూడు చతురములు, అనగా మూడు కొలపాత్రలు, దంజూరో వంశపు గుర్తు. ఇంతమాత్రము తెలిసినను గోడమీది బొమ్మ మాటాడసాగును.

ఇక అమరిక. ఈ చిత్రములలో అధికభాగము సుమారు 38 సెంటీమీటర్ల పొడవు, 26 సెంటీమీటర్ల వెడల్పు గలవి. చేతిలో పట్టుకొని చూచు పరిమాణము. నకలును కూడ ఆ పరిమాణముననే అచ్చు వేయించుట మంచిది. మూడింతలు పెంచినచో సన్నని కనుబొమ గీత మోకువలె మోటగును. అంచులు కత్తిరింపరాదు; మూలనున్న చిత్రకారుని సంతకము, ప్రచురణకర్త ముద్ర, తనిఖీదారు ముద్ర చిత్రములో భాగములే. పటము కట్టించునపుడు చుట్టును దంతపువన్నె అట్టను నాలుగు వ్రేళ్ల వెడల్పున వదలి, సన్నని నల్ల చట్రమో, నగిషీలేని కొయ్య చట్రమో వేయించవలెను. బంగారుపూత చట్రము ఈ చిత్రములకు పొసగదు. అద్దము చిత్రమునకు తగులరాదు. నడుమ అట్ట దళసరి యుండుట దీనికొరకే. గోడ సున్నపు తెలుపుగానో, లేత బూడిదవన్నెగానో ఉన్నచో రంగులు తమంత తామే పలుకును. నిలుచువారి చూపునకు కాక కూర్చుండువారి చూపునకు సరిపడు ఎత్తున తగిలించుట మేలు.

మన శీతోష్ణస్థితికి తగిన జాగ్రత్త లేకున్న ఇంత శ్రమయు వ్యర్థము. వానకాలములో చెమ్మగిల్లు బయటిగోడకు పటము తగిలింపరాదు. తప్పనిచో వెనుక నాలుగు మూలల బెరడు ముక్కలు అతికించి గోడకును పటమునకును నడుమ గాలి ఆడనీయవలెను. మైదా జిగురుతో కాగితమును అట్టకు అతికింపనీయరాదు. అది పురుగులకు విందు. పైయంచున రెండుచోట్ల పలుచని కాగితపు పట్టీలతో వ్రేలాడదీసిన చాలును. వెనుక అట్టకు, చట్రమునకు నడుమ సందులను కాగితపు పట్టీతో మూయించినచో చెదలు, చిన్నపురుగులు, బల్లిగ్రుడ్లు లోనికి పోవు. వంటయింటి పొగ, కిటికీనుండి నేరుగా పడు ఎండ నకలుకు కూడ శత్రువులే.

అలంకరణలో జపానువారు పాటించు ఒక నియమమును మనమును పాటించిన బాగుండును. వారి ఇంటిలో అలంకరణకై ప్రత్యేకించిన గోడగూడు ఒకటి యుండును. అందులో ఒకేయొక చిత్రమును వ్రేలాడదీసి, ఋతువునుబట్టి మార్చుచుందురు. నాటకచిత్రములు అచ్చట వ్రేలాడునవి కాకపోయినను ఈ పద్ధతి వానికి చక్కగా సరిపోవును; ఏలయన కబుకికి ఋతువులు కలవు. పాతపంచాంగమున పదునొకండవ నెలలో కొత్తయేటి నటబృందమును ప్రజలకు చూపు ఉత్సవము. అందులో ‘ఆగుము’ అని అరచుచు వీరుడు ప్రవేశించు ‘షిబరకు’ ఘట్టము పరిపాటి. క్రొత్త సంవత్సరమున సోగ సోదరుల ప్రతీకారకథ. వేసవిలో, వెన్ను జలదరించి చల్లబడుటకు, దయ్యముల నాటకములు. 1825లో ప్రదర్శింపబడిన ‘యోత్సుయ దయ్యపు కథ’ వానిలో ప్రసిద్ధము. నాలుగు పటములు సమకూర్చుకొని ఒక్కటి గోడమీద, మూడు పెట్టెలో ఉంచి మార్చుచున్నచో చిత్రము పాతబడదు, కన్ను మొద్దుబారదు. దయ్యపు చిత్రము మాత్రము పిల్లల పడకగదిలో వలదు.

చివరగా ఒక చిన్న మనవి. పటము కట్టించిన పిమ్మట వెనుక అట్టమీద నటుని పేరు, పాత్ర, నాటకము, చిత్రకారుడు, సంవత్సరము, ఇది నకలు అను సంగతి స్పష్టముగా వ్రాసియుంచుడు. ఇంటికి వచ్చిన అతిథి అడిగినపుడు చెప్పుటకును, రేపు మన పిల్లలు ఆ పటమును దింపి తుడుచునపుడు అది ఏమో ఎరుగుటకును అది ఉపకరించును. ఒకప్పుడు ఎదో నగరములో కూలివాడు సైతము తన గోడమీదివాడు ఎవడో, ఏ ఘట్టములో నున్నాడో ఎరిగియే కొన్నాడు. ఆ ఎరుక తోడైన నకలు ఏ ఇంటికైనను అలంకారమే.